ఏడుపు తిని ఏడవని కుర్రాడు

"ఈ భూమ్మీద నేరగాళ్ళు రెండే రకాలు. నాకు దొరికినవాళ్ళు, నాతో ఇంకా పరిచయం కానివాళ్ళు!"

ఈ గంభీర ప్రకటన చేస్తున్నప్పుడు మా కువాంగ్ షిదే నా కుర్చీలో వెల్లకిలా పడి ఉన్నాడు. నేను పళ్ళ డాక్టర్ని. ఆయన నోట్లో రెండు దూది ఉండలు, నా వేళ్ళు మూడు ఉన్నాయి. అంచేత నాకు వినిపించింది "ఈ ఊఁవీఁద ఏఅఆళ్ళు ఎండే అకాలు" అని. ముప్పై ఏళ్ళ స్నేహం కాబట్టి అర్థమైంది. నా ఖర్మ కాబట్టి జవాబు కూడా చెప్పాను.

"నోరు ముయ్యకు. పన్ను కదులుతోంది."

మా శావ్‌యాంగ్ సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు కువాంగ్. టికెట్ లేనివాడి చెవులు కదులుతాయని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతంతో ఒకసారి డిపో మేనేజర్ని, ఇంకోసారి సొంత బావమరిదిని పట్టుకున్నాడు. ఇద్దరి దగ్గరా టికెట్లున్నాయి. రిటైరయ్యాక గుమ్మానికి "చిక్కుముళ్ళు విప్పబడును" అని బోర్డు తగిలించాడు. దాని కింద ఎవరో "జడలు కూడా" అని రాసిపెట్టారు. దాన్ని ఆయన ఇంకా చూసుకోలేదు. పరిశోధకుడు కదా.

అప్పుడే నా క్లినిక్ తలుపు తోసుకుని తాన్ వచ్చింది. ఎదురుగా నూడిల్స్ కొట్టు ఆవిడదే. ఏప్రాన్ విప్పలేదు, చేతిలో గరిటె ఉంది.

"కువాంగన్నయ్యా, నువ్వో మనిషి గుట్టు లాగాలి."

కువాంగ్ దూదితో సహా లేచి కూర్చున్నాడు. "హత్యా?"

"కాదు."

"కిడ్నాపా?"

"మా అమ్మాయి షియావ్‌మాన్‌ని పెళ్ళి చేసుకుంటానంటున్న కుర్రాడు."

"అంటే రెండూ జరగబోతున్నాయన్నమాట!"

"నా తలకాయ. వాడు ఏడుపు తిని ఏడవడం లేదన్నయ్యా. అదీ సంగతి."

ఇక్కడ తాన్ కొట్టు గురించి ఒక్క ముక్క చెప్పాలి. ఆవిడ దగ్గర నూడిల్స్ మూడు రకాలు. "కారం లేకుండా" అంటే ఒక చెంచా ఊరమిరప. "మామూలు" అంటే నాలుగు చెంచాలు. మూడోదానికి లెక్క లేదు, దాని పేరు "ఏడుపు". పొద్దున్నే వీధివాళ్ళంతా వచ్చి "నాకో ఏడుపు, మా ఆవిడకి రెండేడుపులు" అని అరుస్తుంటారు. తింటారు, ఏడుస్తారు, తిడతారు, మర్నాడు మళ్ళీ వస్తారు.

కుర్రాడి పేరు హువా వెన్. ఊరు వూషీ, మాంసంలో కూడా పంచదార వేసుకునే సీమ. మా పాత మేడలకి లిఫ్టులు బిగించడానికి వచ్చి, షియావ్‌మాన్ దగ్గర ఆగిపోయాడు. మూడు నెలలుగా రోజూ కొట్టుకి వచ్చి ఏడుపు తింటున్నాడు. కన్ను తడవదు, ముక్కు ఎగబీల్చడు, నుదుట చెమట బొట్టుండదు.

"పోనీలే తాన్, గట్టి కుర్రాడు," అన్నాను నేను.

తాన్ గరిటె దించింది. "డాక్టరుగారూ, పన్నెండేళ్ళు కాపురం చేశాను మా ఆయనతో. ఏం తిన్నా చెమట పట్టేది కాదు, ఏం జరిగినా కన్ను చెమర్చేది కాదు. గుండె నిబ్బరం గల మనిషి అనుకుని మురిసిపోయాను. ఓ రోజు పొద్దున నా చేతి నూడిల్స్ తిని, మూతి తుడుచుకుని, పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పుడూ ముఖంలో ఏమీ లేదు. మళ్ళీ అలాంటి ముఖానికి నా పిల్లనివ్వను. నాకు భయం. ఆదివారం ఒంటిగంట రైలుకి వాడి అమ్మానాన్నా సంబంధం ఖాయం చేసుకోవడానికి వస్తున్నారు. ఆలోపు వాడేమిటో తేల్చు. తేలకపోతే స్టేషన్ నుంచే వెనక్కి పంపేస్తాను."

నాకో విషయం తెలుసు. మూడున్నర నెలల కిందట ఇదే కుర్రాడు రెండు దవడలూ పట్టుకుని నా క్లినిక్‌లోకి ఉరికి, "డాక్టర్, నా పళ్ళన్నీ ఒక్కసారే పుచ్చిపోయాయి!" అని ఏడ్చాడు. పాపం, ఎదురుకొట్లో "కారం లేకుండా" తిన్నాడు. అలాంటివాడు పదిహేను రోజుల్లో ఏడుపు ఎలా తినగలిగాడో నాకూ అర్థం కాలేదు. వాడు తింటున్నప్పుడల్లా షియావ్‌మాన్ తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తూ ఉండటం మాత్రం చూశాను. రోగి సంగతి బయట పెట్టకూడదు కాబట్టి ఊరుకున్నాను.

తాన్ వెళ్ళగానే కువాంగ్ గొంతు తగ్గించాడు. "ఇది పెళ్ళి వ్యవహారం కాదు డాక్టరూ. రక్తం కంటే ఎర్రటి కుట్ర. వాడికి నాలుక లేదు!"

"మాట్లాడుతున్నాడుగా?"

"అక్కడే ఉంది మోసమంతా!"

శుక్రవారం పొద్దున్న కొట్లో విచారణ మొదలైంది. జూన్ ఎండలో కువాంగ్ ఒంటి మీద మోకాళ్ళ దాకా రెయిన్‌కోటు, నడుముకి బెల్టు. ముందుగా మాంసం కొట్టు లాంగ్ ఎదురుగా కూర్చున్నాడు కువాంగ్. లాంగ్ అప్పటికే సగం ఏడుపులో ఉన్నాడు. కళ్ళు కారుతున్నాయి, ముక్కు కారుతోంది, నుదురు కారుతోంది. అందుకే దీన్ని కారం అంటారు కాబోలు.

"చెప్పు. దీనికి కారణం ఏమిటి?"

"కారమా? జాడీలో ఉంది, వేసుకో."

"కారం కాదయ్యా, కారణం! ఎందుకు తింటున్నావు?"

"మండుతుంది కాబట్టి."

"మంటే కావాలంటే వెళ్ళి పొయ్యిలో చెయ్యి పెట్టుకో!"

"నీకు బుర్రుందా అన్నా? చెయ్యి కాలితే నెల రోజులు నొప్పి. ఇది పావుగంటలో పోతుంది. పోయేటప్పుడు చూడాలి, తలకాయలో ఎవరో కిటికీలన్నీ తెరిచినట్టుంటుంది."

కువాంగ్ పక్క బల్లకి జరిగాడు. కూరలమ్మే ముసలమ్మ శియే డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో ఏడుపు జుర్రుకుంటోంది.

"అవ్వా, నిన్నెవరైనా బెదిరించి తినిపిస్తున్నారా?"

"నన్నా? నిన్నగాక మొన్న మా కోడలు మానెయ్యమని బెదిరించింది. చీపురు తిరగేశాను."

"మరెందుకీ బాధ?"

"చచ్చిపోతాననిపిస్తుంది నాయనా, చావను. అదీ తమాషా. రోజుకోసారి యముడి గడ్డం పీకి పారిపోయొచ్చినట్టుంటుంది. ఈ వయసులో నాకింకేం సరదాలున్నాయి చెప్పు?"

కువాంగ్ నోట్‌బుక్కులో రాసుకున్నాడు: 'సాక్షి ఒకటి, కిటికీలు. సాక్షి రెండు, యముడి గడ్డం. ఇవి ముఠా వాళ్ళ రహస్య సంకేతాలు.'

ఇంతలో హువా వెన్ వస్తున్నాడని తెలిసి, కువాంగ్ గోడకున్న ధరల బోర్డు పీకి దాని వెనక నక్కాడు. ముగ్గురు వచ్చి ఆ బోర్డుకి ఆర్డరు చెప్పి వెళ్ళారు. కుర్రాడు తన ఏడుపు నిశ్చింతగా తిని, గిన్నె తీసి పక్కన పెట్టి, బోర్డు వైపు తిరిగి, "వెళ్ళొస్తానంకుల్, మీ మోచేయి మామూలులో మునిగింది," అని మర్యాదగా చెప్పి పోయాడు.

శనివారం సిద్ధాంతం మారింది. నాలుక ఉంది, కానీ మొద్దుబారింది. ఎవరో దానికి మత్తు పూస్తున్నారు. ఈ వీధిలో మత్తుమందున్న మనిషి ఒక్కడే.

"నువ్వా డాక్టరూ!" నా అలమరా ముందు నిలబడి, చేతిలో స్ప్రే సీసాతో కంటతడి పెట్టాడు కువాంగ్. "ముప్పై ఏళ్ళు నీ చేత నా పళ్ళు పీకించుకున్నాను. చివరికి నా నమ్మకాన్నే పీకేశావా?"

"కువాంగ్, అది అక్కడ పెట్టు."

"రుజువు కావాలి. నా మీదే పరీక్షిస్తా," అని నాలుక చాపి బుస్సున కొట్టుకున్నాడు. మరుక్షణం నాలుక నోట్లోకి వెనక్కి రానంది. "ఇఇఇ అఎస్టు ఏస్తున్నా!" అంటూ నన్ను అరెస్టు చేశాడు. రెయిన్‌కోటు మీద చొంగ కారుతుంటే తుడిచి, గంటసేపు కూర్చోబెట్టి, ఇంటికి పంపించాను. పోతూ పోతూ ఆదివారానికి పథకం రాసి ఇచ్చాడు. కుర్రాడి నాలుక దూదితో తుడవాలి. తనూ వాడూ ఎదురెదురుగా కూర్చుని చెరో ఏడుపు తినాలి. తేడా అక్కడే తెలిసిపోతుందట.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి కొట్టు మధ్యలో గుండ్రబల్ల వేశారు. దాని మీద వంటకాలు అందరికీ అందేలా తిరిగే గాజుపలక. ఒక పక్క హువా వెన్ తెల్ల చొక్కాలో, ఎదురుగా కువాంగ్ రెయిన్‌కోటులో కూర్చున్నారు. లాంగూ శియే అవ్వా పిలవకుండానే వచ్చి ముందు వరసలో కుర్చీలేసుకున్నారు. తాన్ గోడ గడియారం కేసి చూస్తూ నిలబడింది. షియావ్‌మాన్ రెండు గిన్నెలు తెచ్చి గాజుపలక మీద ఒకటి వీడి ముందు, ఒకటి ఆయన ముందు పెట్టింది.

"ఆ అనవయ్యా," అని కువాంగ్ కుర్రాడి నాలుక తుడిచాడు. దూదిని వాసన చూశాడు, వెలుతురుకి పట్టుకున్నాడు, పొరపాటున జేబురుమాలనుకుని దాంతోనే ముఖం తుడుచుకున్నాడు. తర్వాత జనం వైపు తిరిగి గర్జించాడు. "ఎవరూ కదలొద్దు! ఇప్పుడు ఈ గదిలో ఒక ముసుగు తొలగబోతోంది!"

కదలొద్దన్న పెద్దమనిషే అటు తిరిగి ఇటు తిరిగాడు. ఆయన కోటు బెల్టు కొక్కెం గాజుపలక అంచుకి తగులుకుంది. ఆయనతో పాటు పలకా సగం చుట్టు తిరిగింది. బెల్టు ఊడింది, పలక ఆగింది. వీడి గిన్నె ఆయన ముందు, ఆయన గిన్నె వీడి ముందు. రెండూ ఒకేలా ఎర్రగా పొగలు కక్కుతున్నాయి. తాన్ ఆ క్షణంలో గడియారం చూస్తోంది. నేను చూశాను. షియావ్‌మాన్ చూసి నోరు తెరిచింది, తల్లి పక్కనే ఉందని మూసేసింది.

"ఆరగించండి!" అన్నాడు కువాంగ్.

మొదటి ముద్దకే ఆయన ఊగిపోయాడు. "హా! హూ! అబ్బబ్బ! చెల్లెమ్మా, పుట్టి బుద్ధెరిగాక ఇంత కారం తినలేదు!" నిజంగానే చెమటలు పట్టాయి, నిజంగానే కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇది తిని ఏడవనివాడు మనిషే కాదు! చూడండి వాణ్ణి!"

చూశాం. హువా వెన్ మొదటి ముద్ద మింగి ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ. షియావ్‌మాన్ వైపు చూశాడు. ఆపితే ఆ పిల్ల దొరికిపోతుంది. రెండో ముద్ద పెట్టుకున్నాడు. కళ్ళలోంచి ధారలు. మూడో ముద్దకి ఎక్కిళ్ళు. నాలుగో ముద్దకి కుర్చీలోంచి సగం లేచి, రెండు చేతులతో బల్ల పట్టుకుని, వీధంతా వినపడేలా అరిచాడు.

"అమ్మా!"

"ఏంట్రా నాన్నా?" అంది తాన్.

అనేశాక నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మా వైపు పెళ్ళినాడు టీ అందించేదాకా అల్లుడు అత్తని ఆంటీ అనే అనాలి. అమ్మా అని పిలిచాడా, ఆవిడ పలికిందా, ఇక సంబంధం ఖాయమైనట్టే. పాపం వాడు మంటకి అరిచాడు. ఆవిడ పిలుపనుకుని పలికేసింది.

"పలికింది! పలికింది! నేను విన్నా!" అని శియే అవ్వ చప్పట్లు కొట్టింది.

"నువ్వుండవ్వా!" తాన్ ముఖం జేవురించింది. "మూడు నెలలు చుక్క రాలనిది ఇవాళ ఏరులై పారుతోందేమిటి?" కువాంగ్ గిన్నెలోంచి ఒక మిరపముక్క తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. మళ్ళీ నమిలింది. "ఇది తియ్యమిరప. కారమే లేదు. షియావ్‌మాన్!"

చెమటలు కక్కుతున్న కువాంగ్ తన గిన్నెలోకి తొంగిచూశాడు.

షియావ్‌మాన్ ఏడుస్తూ చెప్పింది. "రోజూ నేనే అమ్మా, తియ్యమిరప నీ ఊరమిరపలాగే సన్నగా తరిగి అతని గిన్నెలో వేశాను. అతను నీకు చెప్పేస్తానన్నాడు. నేనే వద్దన్నాను. కారం తినడని తెలిస్తే నువ్వు గుమ్మం తొక్కనివ్వవని."

"కారం తినకపోతే పోనీ అనుకునేదాన్నేమో. మూడు నెలలు నా కళ్ళెదుట నాటకం ఆడారు కదే! ఆ మనిషి కూడా ఇలాగే..." తాన్ కువాంగ్ గిన్నె పక్కకి తోసింది. "రాతి ముఖం అనుకుని నేను నిద్రపోలేదే."

"తప్పు... హిక్... నాదే," అన్నాడు హువా వెన్. చెప్తూ ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

తాన్ వాడి వైపు తిరిగింది. "దొరికిపోయావు కదా. ఇంకా ఎందుకు తింటున్నావు? ఆపు!"

"తెలీదు." ముక్కు కారుతోంది, పెదాలు వాచాయి, ఆ వాచిన పెదాలతో నవ్వుతున్నాడు. "చచ్చిపోతున్నాను. కానీ గిన్నె... హిక్... లాక్కోకండి ఆంటీ."

"కిటికీలు తెరుచుకుంటున్నాయిరా వాడికి!" అని లాంగ్ తొడ చరిచాడు.

కువాంగ్ లేచి కోటు సర్దుకున్నాడు. "గిన్నెలు మార్చడం నా పథకంలో భాగమే. ముందే ఊహించాను."

"నువ్వు కూర్చుని నీ తీపి తిను అన్నయ్యా," అంది తాన్.

తర్వాత హువా వెన్ దగ్గరికి వెళ్ళింది. ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. అందులో దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఏడుపుంది, నవ్వుంది, భయముంది, చీమిడి ఉంది. ఏప్రాన్ అంచుతో వాడి ముక్కు తుడిచింది. తన కళ్ళు కూడా కారుతున్నాయని చూసుకోలేదు, ఆవిడ ఒక్క ముక్కా కారం తినలేదు.

"పదండి, రైలు టైమైంది. స్టేషన్‌కి నేనూ వస్తాను," అంది.

"సరే ఆంటీ."

"ఆంటీ ఏమిట్రా? ఇందాకేమన్నావో అదే అను."

వాడు ఊపిరి తీసుకున్నాడు. "అమ్... హిక్... మ్మా!"

"ఆఁ!" అని పలికింది తాన్, ఈసారి కావాలనే, మాంసం కొట్టుదాకా వినపడేలా.