గోడ పోయి తెర వచ్చిన ఆసుపత్రి

ఇకపై పల్లెల్లో మనసుకూ తాగుడుకూ ఒకే కప్పు కింద ఇంటిగ్రేటెడ్ వైద్యం జరుగుతుందని, ఇంతటి ఆలోచన ఇంతవరకూ ఎవరికీ తట్టలేదని మంత్రిగారు ప్రకటించారు. పదో రోజుకే ఊరి ఆసుపత్రిలో పని మొదలైంది. పెద్ద పనేమీ కాదు. ఎడమ గదిలో మనసు డాక్టరు, కుడి గదిలో తాగుడు మాన్పించే డాక్టరు కూర్చునేవారు. మధ్య గోడ కొట్టేశారు.

గోడ పోయాక డాక్టర్లిద్దరూ రోజంతా ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసి వచ్చింది. మూడో రోజున ఇద్దరూ వేర్వేరుగా అర్జీలు పెట్టుకున్నారు. పై అధికారి ఇద్దరి మాటా మన్నించి, గోడ ఉన్నచోట తెర కట్టించమన్నారు. ఆ తెర కుట్టే పని కుట్టుమిషను అక్కకు వచ్చింది.

ఊరంతా ఆమెను అలాగే పిలుస్తుంది. కొలతలకు వెళ్తే ఆ చోటు ఆమెకు కొత్త కాదు. రెండేళ్లుగా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఆ గుమ్మం నుంచి ఈ గుమ్మానికి తిరుగుతోంది. అతను లారీ డ్రైవరు. చక్రాల కింద ఒక మనిషి పడ్డ రోజు నుంచి అతనికి కన్ను మూతపడదు. మూతపడటానికి తాగుతాడు. "తాగుడు మాన్పించుకుని రండమ్మా, నిద్రకు మందిస్తాను" అనేవారు ఎడమ గది డాక్టరు. "నిద్ర సంగతి చూపించుకుని రండమ్మా, తాగుడు మాన్పిస్తాను" అనేవారు కుడి గది డాక్టరు. ఇద్దరూ మర్యాదస్తులు. ఎన్నడూ కసురుకోలేదు.

"నేనిక రానక్కా. వాళ్లిద్దరి మధ్య ఉత్తరాలు మొయ్యడానికా నేను?" అన్నాడు తమ్ముడు.

"ఇప్పుడు గోడ లేదురా."

"మరేముంది?"

"నేను కుట్టిన తెర."

చాలా కాలానికి నవ్వాడు. "అయితే చూడాల్సిందే. వంకరగా కుట్టి ఉంటావ్."

ఆ మాట చల్లారకముందే, సరిగ్గా ఆ కొత్త వైద్య కేంద్రం ప్రారంభోత్సవం నాడు, ఇస్త్రీ చొక్కా తొడిగి తీసుకెళ్లింది. రేపంటే మళ్లీ రాడని ఆమె భయం.

అక్కడ అధికారి చెమటలు తుడుచుకుంటున్నారు. కార్యక్రమంలో నాలుగో అంశం, కోలుకున్న వ్యక్తికి మంత్రిగారి చేతుల మీదుగా సర్టిఫికెట్. కేంద్రం తెరిచేదే ఇవాళ. కోలుకున్నవాణ్ణి ఎక్కణ్ణుంచి తేవాలి? అప్పుడు ఆయన కళ్లు ఇస్త్రీ చొక్కా మీద పడ్డాయి.

"బాబూ, ఇవాళ తాగావా?"

"ఇంకా లేదండీ."

"చేతులెందుకు వణుకుతున్నాయి?"

"తాగలేదు కదండీ, అందుకే."

"ఇంకేం. కోలుకున్నావన్నమాట."

"అయ్యా, ఇంకా లోపలికే వెళ్లలేదు. వైద్యానికి తెచ్చాను" అంది అక్క.

"లోపలికి వెళ్లకుండానే ఇంత గుణం కనిపిస్తే, వెళ్తే ఎలా ఉంటుందో ఆలోచించమ్మా. ముందు సర్టిఫికెట్ తీసుకోనీ. వైద్యం రేపు."

మంత్రిగారు నలభై నిమిషాలు మాట్లాడి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, మైకు అతని ముందుకు జరిపారు. "ఎలా ఉంది తమ్ముడూ?"

"నిద్ర పట్టట్లేదండీ."

"నాకూ అంతే. ప్రజాసేవలో ఉన్నవాడికి నిద్రెక్కడిది?" అన్నారు మంత్రిగారు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

మర్నాడు ఎడమవైపు డాక్టరు కంప్యూటరు చూసి తల ఊపారు. "కోలుకున్నవారి జాబితాలో ఉన్నాడమ్మా. కోలుకున్నవాడికి మందు రాస్తే రేపు నన్నడుగుతారు."

తెర అవతలి నుంచి రెండో డాక్టరు గొంతు వినిపించింది. "నేనూ అదే అంటానమ్మా."

ఆ ఇద్దరూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి. తమ్ముడు తెర అంచు వేళ్లతో పట్టుకుని కింది దాకా చూశాడు. "కుట్టు తిన్నగానే ఉందక్కా" అని బయటికి నడిచాడు.

రెండు నెలల తర్వాత అధికారి ఫాలో-అప్ ఫారంతో ఆమె ఇంటికే వచ్చారు. అంత పెద్దాయన స్వయంగా రావడం ఆ వీధికి గౌరవం. ఆమె మిషను మీద ఉంది.

"తమ్ముడు తాగుతున్నాడామ్మా?"

"లేదండీ. పదకొండు రోజులైంది."

"నిద్ర?"

"పట్టిందండీ."

ఆయన రెండు గడుల్లోనూ టిక్కు పెట్టారు. "చూశారా, మా సర్టిఫికెట్ ఊరికే ఇవ్వం. ఒక్క సంతకం కావాలి. ఎక్కడున్నాడు?"

ఆమె మిషను ఆపి కిటికీలోంచి చూపించింది. వీధి చివర శ్మశానం. దాని పొట్టి గోడ అవతల, కొత్తగా పోసిన మట్టి ఇంకా కుంగలేదు.

అధికారి అటు కాసేపు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఫారం ఆమె వైపు తిప్పారు.

"అయితే మీరే పెట్టండి. సంబంధం అన్న గడిలో అక్క అని రాయండి."

ఆమె రాసింది. ఆయన కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, గుమ్మం దగ్గర గొంతు తగ్గించి అన్నారు.

"ఇప్పటిదాకా మన కేంద్రంలో ఒక్కడు కూడా మళ్లీ తాగలేదమ్మా."