శూన్యపరీక్షా సంగ్రామమున సియూ లెంగ్ దిగ్విజయము

స్వస్తి! పెనాంగు ద్వీపమున, బయాన్ లెపాస్ యంత్రశాలావాటికయందు, మూడవ అంతస్తున, ఏసీ ఎముకలు కొఱుకుచుండ, శుక్రవారము పదునొకండు గంటలవేళ, రైస్ కుక్కరులకు సీ భాషలో బుద్ధి గఱపు వీరాంగన చ్యూ సియూ లెంగ్ గోళ్లు కొఱుకుకొనుచుండెను. రెండు మాసములు చెమటోడ్చి వ్రాసిన ఆమె కోడు ఒంటిగంటకు మూసివేయు విడుదలలో చేరవలె. తప్పినచో ఆరు మాసములు పడిగాపులే. దానికి కోడు తనిఖీ చేయు పెద్దాయన రోస్లాన్ ఆమోదము కావలె. ఆయనయో పన్నెండున్నరకు జుమ్మా నమాజుకు లేచిపోవును.

వేడిమిని కొలుచు పరికరపు చిరునామా p శూన్యమైనచో, అచ్చటికి పోయి తలుపు తట్టిన కుక్కరు తక్షణమే కొయ్యబారును. కావున ముందుగా శూన్యపరీక్ష చేయవలె. దానిని సియూ లెంగ్ !p అని రెండక్షరములలో తేల్చివేసెను. ఇరువది యేండ్లుగా శూన్యమునకు NULL అని పేరు పెట్టి p == NULL అని విస్పష్టముగా వ్రాయించుచున్న లక్షపంక్తిసంశోధనధురంధరుడు రోస్లాన్ కనులెఱ్ఱజేసి తెరపై వ్యాఖ్యగా గర్జించెను.

"ఏంటమ్మా ఇది? పేరు పెట్టి రాయడానికి చేతులు నొప్పా?"

"చిన్నగా ఉంటే కంటికి హాయి కదా, అబాంగ్!" అని సియూ లెంగ్ అన్నా అను మలయ్ పిలుపుతో బదులిచ్చెను.

"నీ కంటికి హాయి. రేపు కొత్తగా వచ్చినోడు దాన్ని తెర మీద దోమ అనుకుని తుడిచేస్తాడు!"

"ఇరవై ఏళ్లుగా ఇదే పాట. కొత్తోళ్లకి ఆ మాత్రం తెలీదా?"

ఇట్లు వ్యాఖ్యాస్త్రప్రత్యస్త్రపరంపరలతో తెర నిండిపోయెను. గడియారము పన్నెండుంబావు చూపెను. సియూ లెంగ్‌కు ఏడుపు తన్నుకువచ్చెను, అయినను తగ్గలేదు.

అంతట ప్రక్కకుర్చీలో కరీపఫ్ నములుచున్న పరీక్షకురాలు కమరియా తొంగిచూచెను.

"మీ గొడవేమో గానీ, పైలైను చూశారా? అక్కడే ఆ చిరునామా వాడేశారు. తలుపు తట్టేశాక ఇల్లుందా అని అడుగుతున్నారేంటి మీరిద్దరూ?"

సియూ లెంగ్ సిగ్గుతో చచ్చి, క్షణార్ధమున పరీక్షను పైకి జరిపెను. "పోనీ అబాంగ్, మీ పద్ధతే రాసేస్తా. ఆమోదించండి చాలు" అని దీనముగా పలికెను.

రోస్లాన్ టోపీ సర్దుకొనుచు తల గోకుకొనెను. "వద్దులే. గంట నుంచి ఆ దోమనే చూస్తూ కూర్చున్నా, పాము కనబడలేదు నాకు. ఉంచుకో."

పన్నెండు గంటల ఇరువది తొమ్మిది నిమిషములకు ఆమోదముద్ర పడెను. దిక్పాలకులారా, ఆలకింపుడు! సకలశూన్యసంహారిణియగు చ్యూ సియూ లెంగ్, ఖాళీలతో సహా ఏడక్షరములు ఆదా చేసెను!