గురుగ్రహపు గాలికి లేచిపోయిన రేకులు

ప్రభుత్వం కొలిస్తేనే గాలి వీచినట్టు. కొలవని గాలి ఎంత ఈడ్చి కొట్టినా అది గాలి కాదు, పుకారు. (గాలినష్ట నిర్ధారణ విభాగం, పదకొండో ఉత్తర్వు.)

సోమందేపల్లె దగ్గర సువర్ణమ్మ మగ్గపు కొట్టం రేకులు ఇలాంటి పుకారుకే లేచిపోయాయి. మగ్గం మీద సగం నేసిన పట్టుచీర ఉంది. వాన పడేలోగా కొత్త రేకులు రాకపోతే పడుగంతా పాడవుతుంది. (ఈ కరువు నేలలో వానకు భయపడుతున్నది తానొక్కతేనేమోనని ఆమెకు సిగ్గుగా కూడా ఉంది.)

విభాగపు అధికారి విజయభాస్కర్ కొట్టం దగ్గరికి వచ్చి యాప్ తెరిచాడు. మండలంలో గాలిని కొలిచే యంత్రం గాలికే పడిపోయింది. కదిరిలోది కోతులు విరిచాయి. అప్పుడు కొలత దొరికిన అతి దగ్గరి చోటును తీసుకోవాలని నిబంధన. యాప్ వెతికి వెతికి గురుగ్రహం దగ్గర ఆగింది.

“ఆడ గాలి ఎవరు కొలిచినారు సార్?”

“దూరదర్శినులమ్మా! ముప్పై ఏండ్ల కింద ఒక తోకచుక్క పోయి దాన్ని గుద్దింది. చుక్క పోయింది గానీ, ఆ దెబ్బకు పుట్టిన వాయువు ఇంకా ఆడే తిరుగుతాండాది. దాని పరుగు పట్టుకొని పైగాలి లెక్క తేల్చినారు. ధ్రువం కాడ గంటకు పద్నాలుగు వందల కిలోమీటర్లు!”

సువర్ణమ్మకు ప్రాణం లేచివచ్చింది. పోయినవాళ్ల జాడ కూడా లెక్కకు వస్తుందన్నమాట! పైగా అంత గాలికి ఎన్ని రేకులిస్తారో!

“రేకులు లేవకుండా రాళ్లు పెట్టింటివా?”

“ఎనిమిది పెట్టింటి సార్.”

“యాడ పడినాయి?”

“ఈడే, వాకిట్లో.”

విజయభాస్కర్ ముఖం వాడిపోయింది. “ఏమమ్మా, పద్నాలుగు వందల గాలికి రాయి వాకిట్లో పడుతుందా? బెంగళూరు దాటల్ల! నువ్వు కూడా ఈడే ఉండావు.”

“మగ్గం ఇడిసిపెట్టి నేను యాడికి పోదును సార్?”

“అదే రాస్తాండా.”

దరఖాస్తుదారు ఘటనా స్థలంలోనే మిగిలి ఉన్నందున నష్టం నిర్ధారణ కాలేదు. అప్పీలు చేసుకోదలిస్తే, రాళ్లు బెంగళూరు దాటినట్టు అక్కడి అధికారి నుంచి ధ్రువపత్రం తేవాలి.

ఆమె ఎనిమిది రాళ్లనూ సంచిలో వేసుకుని బస్సు కోసం నిలబడి ఉండగానే వాన దంచికొట్టింది.

ఆమె కొట్టానికి తిరిగి పరుగెత్తింది. గంటలో విజయభాస్కర్ కూడా పరుగున వచ్చాడు. (సిబ్బంది కొరత వల్ల కుంటల విభాగమూ ఆయనదే.) మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలో మూడడుగుల నీళ్లు, పడుగు రంగు దిగి ఎర్రగా ఉన్నాయి. టేపు దించి కొలిచాడు. ‘సేద్యపు కుంట, పని పూర్తయినది’ అని నమోదు చేశాడు. లబ్ధిదారు సువర్ణమ్మను గట్టు మీద నిలబెట్టి, కొంచెం నవ్వమని, ఫొటో తీసుకున్నాడు.