రెండో చుట్టు లెక్కలోకి రాదు

మా ఎర్రకుంట చెరకు రైతుల క్రీడాభివృద్ధి సంఘం 1967 గణతంత్ర దినోత్సవాన జరిపిన రెండు చుట్ల, ఎనిమిది వందల మీటర్ల పరుగు పందెం మొదటి చుట్టుతోనే ముగిసిందనీ, రెండో చుట్టు ఒకానొక వ్యక్తి తన సొంత సరదా కొద్దీ ఉరికినదనీ సమస్త ప్రజానీకానికి ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఆనాడు గడియారం పట్టుకున్న డ్రిల్లు మాస్టరుగా ఆ తీర్మానం మీద నేనూ సంతకం చేశాను. కనుక అది నిజమే అయ్యుండాలి.

బహుమతి కప్పు కాదు. సంఘం గోదాములో కాపలా ఉద్యోగం, పన్నెండు నెలల జీతం. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండి తోలే సిద్దిరాములుకు పని సీజను నాలుగు నెలలే. మిగతా ఎనిమిది నెలలు ఇల్లు గడవడం కష్టం. అందుకే ఆ ఉద్యోగం మీద కొండంత ఆశ పెట్టుకున్నాడు. పోటీకి పున్నయ్య కూడా దిగాడు. ఆయన సంఘం అధ్యక్షులు వెంకట్రావు గారి బావమరిది కావడం కేవలం దైవఘటన.

పరుగు శాస్త్రం చెబుదామని పోతే సిద్దిరాములే నాకు చెప్పాడు.

"సారూ, నిండు బండికి గట్టిన ఎడ్లను ఇంటికాడనే ఉరికిస్తే ఫ్యాక్టరీ గడ్డ ఎక్కేకాడ కూలవడ్తయి. ముందుగాల నిమ్మళంగ తోలాలె. గడ్డ కనవడ్డంక అదిలించాలె."

ఇంత తెలివైన మనిషికి లోకజ్ఞానం లేకపోవడం విచారకరం.

తొమ్మిదింటికి రావలసిన ముఖ్య అతిథి గారు పన్నెండున్నరకు సకాలంలో విచ్చేశారు. ఆరంభశూరత్వాన్ని ముప్పావు గంట సేపు చీల్చి చెండాడారు. "సోదరులారా! మొదలుపెట్టడం గొప్ప కాదు, ముగించడం గొప్ప! కడదాకా నిలిచినవాడే మొనగాడు!" అన్నారు. అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టాం. నవీపేట్‌లో మరో ప్రారంభోత్సవానికి వేళ మించిందని ఎవరో ఆయన చెవిలో ఊదారు.

నేను ఈల ఊదాను. పున్నయ్య వెంట కుక్క పడ్డట్టు ఉరికాడు. సిద్దిరాములు అందరికంటే వెనక, నింపాదిగా వస్తున్నాడు. "ఉరుకుర అయ్యా!" అని జనం మొత్తుకున్నారు. ఆయన భార్య ఈరవ్వ మాత్రం "సప్పుడు జెయ్యకుండ్రి! గాయన లెక్క గాయనకున్నది" అని కసిరింది.

మొదటి చుట్టు వేదిక ముందుకు రాగానే ముఖ్య అతిథి గారు దిగివచ్చి, ముందున్న పున్నయ్య మెడలో దండ వేసి, కెమెరా వైపు నవ్వి, కారు వైపు నడిచారు. దండ పడ్డాక ఉరకడం మర్యాద కాదని పున్నయ్య ఆగిపోయాడు. పెద్దలను కారు దాకా సాగనంపడం మా ఆచారం. కమిటీ, కెమెరా, జనం, చివరికి మిగతా పోటీదారులు సైతం అటే కదిలారు. నేనూ గడియారం ఆపి పరుగెత్తాను. నా జేబులో బదిలీ అర్జీ ఉంది మరి.

సరిగ్గా అప్పుడే సిద్దిరాములు తన కాళ్లను అదిలించాడట. ఆఖరి వంద మీటర్లలో గాలికి కూడా అందకుండా వచ్చి గీత దాటాడట. చూసింది ఈరవ్వ ఒక్కతే. పెళ్లాం సాక్ష్యం చెల్లదు.

"డ్రిల్లు సారూ, టైమెంత?" అని రొప్పుతూ అడిగాడు. గడియారం చూపించాను. అది మొదటి చుట్టు దగ్గరే ఆగి ఉంది.

ఈరవ్వ కమిటీని నిలదీసింది. "గా సారు కారెక్కితె పందెం ఒడుస్తదా? మేం చెరుకు నరుకుతుంటె సూడొచ్చిన సారు లేసి పోతె సగం చేను ఇడిసివెట్టాల్నా?"

వెంకట్రావు గారు ఓర్పుగా చెప్పారు. "చూడమ్మా, పెద్దాయన చేత్తో వేసిన దండ తీయించమంటావా? ఊరి పరువేం కావాలి? మీ ఆయన బాగానే పరిగెత్తుంటాడు, కాదనను. ఆ పరుగేదో మొదట్లోనే పరిగెత్తొచ్చుగా? బలం దాచుకోవడం మోసం కాదూ?"

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. పున్నయ్య గోదాముకు మొదటి వారం అద్భుతంగా కాపలా కాశాడు. సిద్దిరాములు సీజనులో బండి తోలుతున్నాడు, తక్కిన ఎనిమిది నెలలు కూలి వెతుక్కుంటున్నాడు. ఎదురైతే ఇప్పటికీ "దండం సారూ" అంటాడు. నాకు తలెత్తబుద్ధి కాదు.

అలాగని నన్నొక్కణ్ణే తిట్టుకోకండి. కారు దగ్గరికి సాగిన ఆ పరుగులో నేను రెండోవాణ్ణి. చివరి పది గజాల్లో ప్రాణం పెట్టి ఉరికినా మిమ్మల్ని మాత్రం దాటలేకపోయాను.