సబ్బునీళ్ల పరీక్ష

శుక్రవారం పదిన్నరకు రాహుకాలం. ఆలోగా బీరువాను పటమట నుంచి బయల్దేరదీయాలని రామకోటేశ్వరరావు తొమ్మిదింటికే మునీర్ పెయింటు షెడ్డుకు వచ్చారు. కాలం చేసిన భార్య రావమ్మ బీరువా అది. ఉయ్యూరులో మేనకోడలు సాయిశ్రీ కొత్తింటికి వెళ్లాలి. లోపలి అద్దం చుట్టూ రావమ్మ అంటించిన బొట్టుబిళ్లల జోలికి పోవద్దని ముందే చెప్పారు. మునీర్ వాటి మీద కాగితం కప్పి మరీ రంగు కొట్టాడు. ఇక ఒక్క కోటింగే మిగిలింది.

కంప్రెసర్ మాత్రం డబడబ కొట్టుకుంటోందే గానీ, మీటరు ముల్లు సగం దాటడం లేదు.

"ఎక్కడో గాలి పోతోంది మేష్టారూ."

ముప్పయ్యేళ్లు కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన మనిషి ఊరుకుంటారా? "మగ్గులో సబ్బునీళ్లు కలుపు. బుడగ వచ్చిన చోటే లీకు."

గొట్టానికీ, బిగింపులకీ, మీటరుకీ కుంచెతో పూశారు. బుడగ లేదు. సబ్బు అయిపోయింది. మేష్టారు మెట్లెక్కి, షెడ్డు పైన కాపురముండే ఇంటి ఓనరు సంపూర్ణమ్మను అడిగారు. "కాస్త సబ్బుపొడి ఇప్పించండమ్మా. లీకు దొరకడం లేదు."

పెసరట్లకు పెనం పెట్టి అగ్గిపుల్ల తీసిన సంపూర్ణమ్మ అలాగే ఆగిపోయింది. ఆవిడకు తెలిసి సబ్బునీళ్లు పూసేది గ్యాసుబండకే. "పొద్దుట్నుంచీ వాసన. నా ముక్కుదే తప్పనుకున్నా!"

మేష్టారు నోరు తెరిచేలోగా బండ మెట్లు దిగింది. ఆవిడ కేకలకు వీధిలో మరో పది బండలు రోడ్డెక్కాయి. ఎదురింటి లైన్‌మన్ జాన్‌బాబు స్తంభం దగ్గర కరెంటు తీసేశాడు. "గ్యాసాఫీసు మనిషి వచ్చి చూసేదాకా వెయ్యనంతే!"

మోటారు ఆగింది. ఆ నిశ్శబ్దంలో కంప్రెసర్ ట్యాంకు కింద నుంచి సన్నగా సుయ్‌మని వినిపించింది. మేష్టారు మోకాళ్లు పట్టుకుని వంగి చూశారు. ట్యాంకులో చేరిన నీళ్లు వదిలే కుళాయి సగం తెరిచే ఉంది.

"రాత్రి నీళ్లు దించానండి."

"మరి కట్టలేదా?"

మునీర్ బుర్ర గోక్కుని, రెండు వేళ్లతో కుళాయి తిప్పాడు. లీకు పోయింది. కరెంటు అంతకుముందే పోయింది. టైము పదీ ఇరవై.

"రాహుకాలంలో బయల్దేరిందంటే సాయిశ్రీ అత్తగారు దీన్ని గుమ్మం ఎక్కనివ్వదయ్యా," అన్నారు మేష్టారు, బీరువా మీద చెయ్యి వేసి.

సంపూర్ణమ్మే దారి చెప్పింది. "ప్రస్థానం పెట్టేయండి. ఇప్పుడు గడప దాటిస్తే బయల్దేరినట్టే. తర్వాత ఎప్పుడెళ్లినా దోషం లేదు."

బండలు మోసిన చేతులే బీరువానూ మోశాయి. పదీ ఇరవై ఎనిమిదికి అది రోడ్డు మీద, పదకొండు బండల సరసన నిలబడింది.

గ్యాసాఫీసు మనిషి పదకొండున్నరకు వచ్చి, మేష్టారి మగ్గే అడిగి తీసుకుని, సంపూర్ణమ్మ ఇచ్చిన సబ్బుపొడి కలిపాడు. సంపూర్ణమ్మ బండ మెడ దగ్గర పూరీ అంత బుడగ లేచింది.

"దీన్నా వెలిగించబోయారు?"

సంపూర్ణమ్మ మెట్టు మీద కూలబడింది. "మేష్టారూ, మీరు దేవుడిలా వచ్చారు!"

"అబ్బే, నేను అడిగింది..." అనబోయిన మేష్టారి మోచేతిని మునీర్ మెల్లగా నొక్కాడు.

కరెంటు వచ్చింది. ముల్లు చివరిదాకా లేచింది. చివరి కోటింగు రోడ్డు మీదే పడింది. మునీర్‌కి జుమ్మా నమాజు అందింది. రంగు ఆరాక బొట్టుబిళ్లలతో సహా బీరువా ట్రాలీ ఆటో ఎక్కింది.

ఆనాటి నుంచి వీధిలో ఎవరికి గ్యాసు వాసన వచ్చినా ముందు మునీర్‌నే పిలుస్తున్నారు. అతను మాత్రం ముందు తన కంప్రెసర్ కింద కుళాయి చూసుకుని గానీ బయల్దేరడం లేదు.