ముప్పై రెండు అడ్డం, ఇరవై నాలుగు నిలువు

ఆ శనివారం పొద్దున ఆ ఇల్లాలి పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి మేస్త్రి వస్తాడు. నాలుగింటికల్లా బాత్రూమ్‌లో కొత్త టైల్స్ వేసేస్తాడు. అయిదింటికి అత్తగారు దిగుతారు. ఈ మధ్యలో వంట, ఇల్లు సర్దడం, భర్త బనీను మీద చొక్కా వేసుకునేలా చూడడం లాంటి చిల్లర పనులు ఎలాగూ సర్దుకుంటాయి.

అత్తగారిది మామూలు రాక కాదు. ఏడాది కిందట ఆ బాత్రూమ్‌లోనే ఆవిడ జారి కూలబడ్డారు. దెబ్బ పెద్దదేం కాదు. కానీ లేపడానికి పరిగెత్తిన కొడుకు, ముందు ఆవిడ పక్కన దొర్లుతున్న మగ్గును తీసి బకెట్లో వేశాడు. "మగ్గుపాటి కూడా చెయ్యనన్నమాట" అని ఆవిడ ఆ మధ్యాహ్నమే పెట్టె సర్దుకున్నారు. "ఆ నేల మారేదాకా ఈ గుమ్మం తొక్కను" అని వెళ్లిపోయారు. అప్పట్నుంచీ ఎప్పుడు ఫోన్ చేసినా, "బాగున్నాను, మీరూ బాగుండండి" అని పెట్టేస్తున్నారు. ఆ పొదుపైన దీవెన వినీ వినీ కోడలికి ఫోన్ చూస్తేనే దడ పట్టుకుంది. చివరికి నేల మారుస్తున్నాం రండని బతిమాలితే, "సరే, వచ్చి చూస్తాను" అన్నారు. నచ్చితే ఉంటారు. నచ్చకపోతే అటునుంచి అటే.

అమ్మను మళ్లీ మంచి చేసుకోవాలన్న తాపత్రయం భర్తకూ ఉంది, దారి వేరు. ఆయన ఆఫీసులో గుమాస్తా, ఇంట్లో శాస్త్రజ్ఞుడు. పడగ్గదిలో కిటికీ కింద, ఆయన చదువుకునే రోజుల నాటి కంప్యూటర్ ఒకటి ఇంకా ప్రాణాలతో ఉంది. చూడ్డానికి లావుపాటి కీబోర్డు, అంతే. బొమ్మ చూడ్డానికి ఒక డబ్బా టీవీ, కొట్టింది దాచుకుని మళ్లీ ఎక్కించడానికి ఒక టేప్‌రికార్డర్. దానికి తెలిసిన రంగులు మొత్తం ఎనిమిది. ఆరు నెలలుగా ఆదివారాలన్నీ ధారపోసి ఆయన దానికోసం ఒక సాఫ్ట్‌వేర్ రాశాడు. ఏ ఫొటో ఇచ్చినా అది అడ్డంగా ముప్పై రెండు, నిలువుగా ఇరవై నాలుగు గళ్లు చేసి, గడికో రంగు ఎంచి, రంగుకో అంకె వేస్తుంది. ఆ అంకెలు కొత్త కంప్యూటర్‌లో అచ్చువేసుకుని, పాతదానిలో ఒక్కొక్కటీ చేత్తో కొట్టాలి. ఒక్క అంకె తప్పితే కన్ను చెంపమీదికి వస్తుంది. ఇవాళ ఆయన కొడుతున్నది అమ్మ ఫొటో. ఆవిడ గుమ్మంలోకి రాగానే టీవీలో ఆవిడ మొహమే వరస వరసగా పైనుంచి దిగుతుంది. అది చూసి ఆవిడ మగ్గు సంగతి మరిచిపోతారు. ఇదీ ఆయన లెక్క.

టైల్స్ కొన్నదీ ఆయనే. రెండంగుళాల గరుకువి, బూడిద రంగు తెమ్మని పంపితే ఎనిమిది డబ్బాలతో వచ్చాడు. ఒక్కో డబ్బాలో ఒక్కో రంగు.

"మిగిలిపోయిన సరుకట. సరిగ్గా ఎనిమిది రంగులు, చూశావా!" అన్నాడు కళ్లు మెరుస్తుండగా. దుకాణంవాడు డబ్బాలమీద ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు కూడా వేసిచ్చాడు.

మేస్త్రి డబ్బాలు విప్పి, బుర్ర గోక్కుని, "అమ్మా, ఏది ఎక్కడ వెయ్యాలి?" అన్నాడు.

"ఎలా పడితే అలా కలిపి వేసెయ్యండి మేస్త్రిగారూ. కలగాపులగంగా ఉంటేనే అందమట."

మేస్త్రి తాపీ కింద పెట్టేశాడు. "ఎలా పడితే అలా నా చేతికి రాదమ్మా."

"అదేమిటి?"

"ముప్పై ఏళ్లుగా వరస తప్పకుండా వేసిన చెయ్యి. ఎరుపు పక్కన నీలం పెట్టాననుకోండి, ఆ తర్వాత మళ్లీ ఎరుపే అడుగుతుంది. నేనొద్దన్నా వినదు."

ఆవిడ కళ్లు మూసుకుని డబ్బాల్లోంచి చేతికందింది తీసి ఇస్తూ పోయింది. పది ముక్కలయ్యాక కళ్లు తెరిచి చూస్తే, మేస్త్రి వాటిని రంగుల వారీగా పేర్చుకుని కూర్చున్నాడు. గడియారం పది దాటింది. పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన.

"ఒక కాగితం మీద రాసివ్వండమ్మా. కాగితం ఉంటే కోటైనా కడతాను" అన్నాడు మేస్త్రి.

ఆవిడ పొయ్యి కట్టేసి పడగ్గదిలోకి పరిగెత్తింది. భర్త ఆఖరి వరస కొడుతున్నాడు.

"ఏమండీ, మేస్త్రికి కాగితం కావాలట."

"ష్... ఏడు, ఏడు, రెండు... అయిపోయింది! ఇదిగో, ఇది తీసుకో. నాకు ఇక దీంతో పని లేదు."

మేస్త్రి చేతులు తుడుచుకోవడానికి అడిగాడని ఆయన అనుకున్నాడు. ఆవిడ ఆ కాగితం చూసింది. ఇరవై నాలుగు వరసలు, వరసకు ముప్పై రెండు అంకెలు, అన్నీ ఒకటికీ ఎనిమిదికీ మధ్య. ఇరవై రెండేళ్ల కాపురంలో మొట్టమొదటిసారి భర్త ఒక పని అడక్కముందే చేసిపెట్టాడని ఆవిడ అనుకుంది. ఇద్దరి ఊహల్లోనూ ఆవిడదే ఎక్కువ సాహసం.

మేస్త్రి కాగితం చూశాడు, టేపు పెట్టి నేల కొలిచాడు, మళ్లీ కాగితం చూశాడు. "ముప్పై రెండు అడ్డం, ఇరవై నాలుగు నిలువు. రెండంగుళాల లెక్కన గదికి అంగుళం ఎక్కువ లేదు, తక్కువ లేదు. అయ్యగారు మామూలు మనిషి కాదమ్మా!"

"నాకూ ఇవాళే తెలిసింది" అంది ఆవిడ.

ఇక మేస్త్రిని పట్టేవాళ్లు లేరు. అవతలి గోడ దగ్గర మొదలుపెట్టి, అంకెలు పైకి చదువుకుంటూ, వరస వెనక వరస గుమ్మం వైపు వస్తున్నాడు. ఆవిడ కాలు ఒకచోట నిలవలేదు. వంటింట్లోంచి బాత్రూమ్‌కి, బాత్రూమ్ నుంచి వీధి గుమ్మానికి, అక్కణ్నుంచి గడియారం దగ్గరికి. పన్నెండింటికి ఫోన్ మోగింది.

"ముందు బండి దొరికింది. మూడింటికే వచ్చేస్తున్నాను" అన్నారు అత్తగారు. బాగుండండి అని కూడా అనకుండా పెట్టేశారు.

టేప్‌లోకి ఎక్కించడం రెండుసార్లు చెడి మూడోసారికి కుదిరాక, ఒంటిగంటన్నరకు పడగ్గదిలోంచి భర్త కేక. "రా, రా, త్వరగా రా!"

టేప్‌రికార్డర్ కీచుమంటోంది. టీవీ మీద రంగు గళ్లు ఒక్కో వరసా దిగి, నిండి, ఆగాయి.

"ఏముంది ఇందులో? గళ్లు" అంది ఆవిడ.

"అంత దగ్గరగా కాదు. గుమ్మం దగ్గర నిలబడు. కళ్లు సగం మూసి చూడు."

ఆవిడ వెనక్కి జరిగి కళ్లు సగం మూసింది. గళ్లు కరిగి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. తెల్లని జుట్టు, పసుపు మొహం, బిగించిన పెదవులు.

"అయ్యో, అత్తయ్యే!" అంది. ఆరు నెలల ఆదివారాలను ఆ క్షణంలో నిజంగానే క్షమించేసింది కూడా.

అంతలో మేస్త్రి పిలిచాడు. "అమ్మగారూ! అయిపోయింది, వచ్చి చూసుకోండి!"

సగం మూసిన కళ్లు అలాగే ఉండగా ఆవిడ నడవాలోకి వచ్చింది. బాత్రూమ్ తలుపు తెరిచి ఉంది. ఆవిడ ఆగిపోయింది. కళ్లు పూర్తిగా తెరిచింది. టైల్స్. సగం మూసింది. ముక్కు.

"ఏమండీ! ఆ కాగితంలో అంకెలు దేనివి?"

"అమ్మవి" అన్నాడు ఆయన లోపల్నుంచి. ఆవిడ గొంతు విని లేచొచ్చాడు. నేలవంక చూసి గళ్లు ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టాడు. చివరికి అన్నాడు. "రంగులు తప్పు."

"రంగులా?"

"నా దగ్గర ఎనిమిదంటే తెలుపు. ఈ దుకాణంవాడి ఎనిమిది నలుపు. నా ఏడు పసుపు, వాడి ఏడు ఆకుపచ్చ. అమ్మ జుట్టు చూడు, తారులా ఉంది. సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు."

"జుట్టు గొడవ కాదండీ! ఇంకో గంటన్నరలో అత్తయ్య వచ్చి అత్తయ్య మొహం మీద కాళ్లు కడుక్కుంటారు!"

అప్పుడు ఆయనకూ చెమట పట్టింది.

"మేస్త్రిగారూ, ఇది తీసెయ్యాలి" అందావిడ.

మేస్త్రి మొహం పాలిపోయింది. "తీసెయ్యడమా! ఈ గమ్ము గంటలో రాయవుతుందమ్మా. సుత్తి వేస్తే కింద గొట్టం కూడా లేచొస్తుంది. అయినా ఏం తప్పు చేశాను? కాగితంలో ఒక్క అంకె తప్పితే మీసం తీసేస్తాను."

ఎవరి మొహమో చెప్పలేక, "రంగులు కళ్లకు కొడుతున్నాయి" అంది ఆవిడ.

"గుమ్మం వైపు వరసలు ఇంకా ఆరలేదు. అందులో నాలుగు ముక్కలైతే మారుస్తాను. అంతకంటే నా వల్ల కాదు."

నాలుగు చాలన్నాడు భర్త. ఏ నాలుగు గళ్లు మారిస్తే మొహం మొహంలా కనబడదో తన సాఫ్ట్‌వేర్‌తోనే కనిపెడతానని లోపలికి పరిగెత్తాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల్లో ఆవిడ వీధి గుమ్మం దాకా పద్నాలుగుసార్లు వెళ్లొచ్చింది. ఆయన తెచ్చిన కాగితం ప్రకారం మేస్త్రి పెదవుల చివర రెండేసి ముక్కలు మార్చాడు. ముగ్గురూ వెనక్కి జరిగి కళ్లు సగం మూశారు. మొహం పోలేదు. ఇందాక బిగించుకున్న పెదవులు ఇప్పుడు నవ్వుతున్నాయి. మామూలు నవ్వు కాదు. ఎదుటివాళ్ల పరువు సంగతేదో తెలిసి, చెప్పకుండా దాచుకున్నవాళ్ల నవ్వు.

"అరె! ఇందులో ఎవరో ఉన్నారమ్మా!" అన్నాడు మేస్త్రి సంబరంగా.

"ఎవరూ లేరు. మీరు భోంచేసి వెళ్లండి" అంది ఆవిడ.

కుడికన్ను మీద బకెట్టు బోర్లించింది. ముక్కు మీద పట్టా పరిచింది. ఎడమకన్ను మీద స్టూలు వేసింది. ఆవిడ అటు తిరగ్గానే మేస్త్రి, తన పని కనబడడం లేదని, మూడింటినీ తీసి నడవాలో పెట్టాడు. ఆవిడ మళ్లీ పెట్టింది. ఆయన మళ్లీ తీశాడు. మూడోసారి ఆవిడ స్టూలు వేసేసరికి వీధిలో ఆటో ఆగింది.

అత్తగారు చెప్పులు విడుస్తూనే, "కాళ్లు కడుక్కుంటాను" అన్నారు.

"ముందు ఇలా రా అమ్మా, నీకోసం ఒకటి తయారు చేశాను. ఆరు నిమిషాలు, అంతే" అని కొడుకు టేప్ నొక్కాడు.

"ఆరు నిమిషాలెందుకురా ఊరికే నిలబడడం? ఈలోగా కడుక్కొస్తాను" అని ఆవిడ లోపలికి వెళ్లి గడియ పెట్టుకున్నారు.

భార్యాభర్తలు నడవాలో నిలబడ్డారు. లోపల చప్పుడు లేదు. తర్వాత బకెట్టు జరిగిన చప్పుడు. స్టూలు జరిగిన చప్పుడు. మళ్లీ నిశ్శబ్దం. కోడలి మనసులో అత్తగారి పెట్టె మళ్లీ ఆటో ఎక్కేసింది.

"ఒరేయ్!" లోపల్నుంచి గొంతు. "ఇది మీ పెద్దమ్మ కదూ?"

పెద్దమ్మంటే అత్తగారి తోడికోడలు. ఆ ఇద్దరూ నలభై ఏళ్లుగా ఒకరినొకరు ఎంతో మర్యాదగా భరిస్తున్నారు.

"కాదమ్మా, అది ను..." అంటున్న భర్త నోరు ఆవిడ గట్టిగా మూసేసింది. "అవునత్తయ్యా! ఎలా గుర్తుపట్టారు?"

"పట్టకపోవడమేమిటే? ఈ వయసులో అంత నల్లటి జుట్టు ఇంకెవరికుంది, రంగేసుకునే ఆవిడకి తప్ప? ఆ మొహం చూడు! మేం ఇల్లు కొన్నామని చెప్పిననాడు సరిగ్గా ఇలాగే ఆకుపచ్చగా అయింది. చెవికి ఆ పళ్లెమంత దుద్దు!" దుద్దు అంటే నీళ్లు పోయే స్టీలు జాలీ. "ఆ నవ్వైతే... అబ్బ, ఎలా పట్టుకున్నార్రా!"

ఆ తర్వాత నీళ్ల చప్పుడు. ఆ తర్వాత నేలమీద కాలు గట్టిగా మోపుతున్న చప్పుడు, మళ్లీ మళ్లీ.

"అస్సలు జారడం లేదే అమ్మాయ్!"

బయటికొచ్చేసరికి ఆవిడకు పదేళ్లు తగ్గాయి. దారిలో పడగ్గదిలోకి తొంగిచూసి, అప్పుడే నిండిన టీవీ బొమ్మను చూపిస్తూ, "ఈ ముసలావిడెవర్రా?" అన్నారు. కొడుకు టేప్ కట్టేశాడు.

ఆవిడ తీరిగ్గా కూర్చుని ఫోన్ అందుకున్నారు. "అక్కయ్యా, ఎలా ఉన్నావు? నేను అబ్బాయి దగ్గరే ఉన్నాను. నువ్వూ రాకూడదూ, నాలుగు రోజులు ఉండి వెళ్దువుగాని. బాత్రూమ్ ఎంత బాగా చేయించారనుకున్నావు!"

కోడలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఆపేలోపే మాట అయిపోయింది. మర్నాడే పెద్దమ్మగారు వచ్చారు, పెద్ద పెట్టెతో.

ఆవిడ స్నానానికని వెళ్లి ముప్పావుగంట రాలేదు. వచ్చాక కోడల్ని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లి, తలుపు దగ్గరగా వేశారు. కోడలు కాళ్లమీద పడడానికి సిద్ధపడింది.

"అమ్మాయ్, మీ అత్తగారిని అచ్చు దింపారే!" అన్నారావిడ గుసగుసగా. కళ్లల్లో నీళ్లొచ్చేంత ఆనందం. "రంగులు మార్చి వేషం వేశారు గానీ, ఆ ముక్కు నేను మరిచిపోతానా? ఆవిడకు తెలుసా?"

"తెలియదండీ."

"చెప్పకు."

ఆ నెలంతా ఆ ఇంట్లో మూడోవాళ్లకు స్నానానికి వంతు దొరకలేదు.