పాలిపోయిన గింజలు

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. తలస్నానం చేయాలి, ఇస్త్రీ బట్టలు వేసుకోవాలి, వంటగది గట్టు మీదున్న గాజు సీసాను సంచిలో పెట్టుకుని వేళకు తాను పనిచేసే కాఫీ దుకాణం చేరాలి. ఆ సీసాలో ఉన్నవి మామూలు గింజలు కావు. ఎక్కడో కొండమీది చిన్న తోటలో పండి, లేతగా వేగి, నమూనాగా కొద్దిగా మాత్రమే వచ్చినవి. నీళ్ల వేడీ పొడి మెత్తదనమూ మరోసారి సరిచూసుకోవచ్చని ముందురోజు ఇంటికి తెచ్చుకుంది.

ఆ గింజలతో ఆమె కాఫీ చేసి, ఒక పెద్ద హోటలు మేనేజరమ్మ చేత తాగించాలి. ఆవిడకు నచ్చితే హోటల్లో పెట్టబోయే కాఫీ కౌంటరు ఈ దుకాణానికి దక్కుతుంది. దాన్ని నడిపేది కోడలే. ఏళ్ల తరబడి పాల నురుగు మీద ఆకులూ హంసలూ గీసి ఊరందరికీ అందించిన మనిషి, తనదంటూ ఒక కౌంటరు కోరుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇంట్లో అత్తగారూ మామగారూ ఉన్నారు. కొడుకు పనిమీద పొరుగూరు వెళ్లాడని, కోడలికి తోడుగా ఉండటానికి వచ్చారు. కానీ కోడలు వాళ్లను ఒక్క పని ముట్టుకోనివ్వదు. అది అత్తగారికి ముల్లులా ఉంది. అందుకే ఆ ఉదయం సీసా మూత తీసి చూడగానే ఆవిడ మొహం వెలిగింది.

"ఏవండీ, ఇలా రండి. గింజలు చూశారా, ఎంత పాలిపోయి ఉన్నాయో! పాపం, హడావుడిలో సగమే వేయించినట్టుంది."

మామగారు ఒక గింజ కొరికి చూశారు. "పచ్చి వాసన కూడా వస్తోంది" అని తీర్పు చెప్పి, పేపర్లో తల దూర్చారు.

కోడలు స్నానాల గదిలోకి వెళ్లి గడియ వేసుకున్న చప్పుడు వినిపించింది. అత్తగారు పొయ్యి మీద మూకుడు పెట్టి, సీసా మొత్తం అందులో బోర్లించింది. గింజలు చిటపటలాడాయి. గోధుమరంగు పోయి నల్లబడ్డాయి. కాసేపటికి నూనె కక్కి నిగనిగలాడాయి. "ఇప్పుడు కదా కాఫీ గింజల్లా ఉన్నాయి!" అని ఆవిడ మురిసిపోతుండగా వంటగదిలోంచి పొగ బయలుదేరి, వసారా దాటి, మెట్ల మీదుగా పై అంతస్తుకు ప్రయాణం కట్టింది.

అదే భవనంలో ఎదురు వాటాలో వాచీలు బాగుచేసే ఆయన ఉంటాడు. పొగ చూడగానే ఆయనలో వీరుడు నిద్రలేచాడు. "మంటలు! అందరూ కిందికి దిగండి!" అని కేకలు వేస్తూ ముందుగా భవనం మొత్తానికి కరెంటు తీసేశాడు. తర్వాత లోపలికి దూసుకొచ్చి అత్తగారినీ మామగారినీ బయటికి తోలాడు. కంగారులో అత్తగారు మూకుడుతో సహా దిగింది. కోడలు ప్రాణంలా చూసుకునే వస్తువని మామగారు కాఫీ గింజలు పొడిచేసే చేతిమిల్లును చంకన పెట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే, అత్తగారు దిగుతూ వెంట తెచ్చిన కోడలి ఫోను మోగింది. అవతల దుకాణం యజమాని.

"అమ్మా, మేనేజరుగారు అప్పుడే వచ్చేశారు. అంతా సిద్ధమేనా?"

"ఎక్కడ నాయనా! నేను అత్తగారిని. ఇల్లంతా పొగ. అందరం రోడ్డు మీద ఉన్నాం."

"అయ్యయ్యో! మరి మీ కోడలు?"

"లోపలే ఉంది. ఎంత పిలిచినా పలకదు. పర్లేదులే, నెమ్మదిగా వస్తుంది."

యజమాని ఫోను పెట్టేసి కారు తాళాలు అందుకున్నాడు.

లోపల కోడలి పరిస్థితి వేరు. తలనిండా సబ్బు, కళ్లు మూత, చుట్టూ చీకటి. ఇంతలో తలుపు మీద దబదబా బాదుడు.

"భయపడకమ్మా! తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకో!" అని వాచీలాయన అరిచాడు.

"నేను నిండా తడిసే ఉన్నానండీ! ఏమైంది?"

"అది తర్వాత! ముందు ప్రాణాలు కాపాడుకో!"

ఆమె అందిన బట్టలు వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని కిందికి పరుగెత్తింది. కింద కనిపించినవి మంటలు కావు. కింది అంతస్తు దర్జీ పొయ్యి మీద పెద్ద గిన్నెలో పాలు మరుగుతున్నాయి. మామగారు చెమటలు కక్కుతూ చేతిమిల్లు తిప్పుతున్నారు. అత్తగారు జనానికి గ్లాసులు పంచుతోంది. "నా మూలాన అందరూ హడలిపోయారు కదమ్మాయ్, ఇన్ని వేడి కాఫీ నీళ్లయినా పోద్దామని. నీ గింజలు కూడా బాగా వేయించాను!"

కోడలు మిల్లులోకి తొంగిచూసింది. బొగ్గు. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి, ఏదీ పూర్తిగా బయటపడలేదు.

అంతలో ఒక కారు వచ్చి ఆగింది. యజమాని దుకాణంలోని మంటలార్పే సిలిండరును కౌగిలించుకుని దూకాడు. కోడలిని చూడగానే మెట్ల మీద కూలబడి, "బతికే ఉన్నావా తల్లీ!" అన్నాడు. వెనకే దిగిన మేనేజరమ్మ చేతిలో అత్తగారు క్షణం ఆలస్యం చేయకుండా ఒక గ్లాసు పెట్టింది.

విషయం అర్థమయ్యాక యజమాని కోడలి చెవిలో గొణిగాడు. "ఇదే ఆ కాఫీ అనెయ్. ముదురు వేపుడు, కొత్త పద్ధతి అందాం. ఆవిడకేం తెలుస్తుంది?"

కోడలు గ్లాసు వంక చూసింది. కౌంటరు కళ్లముందే ఉంది. అయినా అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"అమ్మా, అది తాగకండి. గింజలు మాడిపోయాయి. మా అత్తయ్య తప్పేం లేదు, నాకు సాయం చేద్దామనుకున్నారు. వాటి సంగతి నేనే చెప్పి ఉండాల్సింది."

మేనేజరమ్మ ఒక గుటక వేసింది. మొహం చిట్లించింది. "నిజమే. ఘోరంగా ఉంది" అని ఫక్కున నవ్వింది. "చాలా దుకాణాలు తిరిగానమ్మా. ఒకచోట మల్లెల వాసన అన్నారు, ఇంకోచోట నేరేడు పండు అన్నారు. నాకు ఏదీ తెలియలేదు. సిగ్గేసి తలూపి వచ్చేశాను. తన కాఫీ బాగాలేదని చెప్పినదానివి నువ్వొక్కదానివే. గింజలు మళ్లీ తెప్పించు. అవి బాగుంటే బాగున్నాయని చెప్పు, నీ మాట నమ్ముతాను."

యజమాని సిలిండరును మెల్లగా కింద పెట్టాడు. అత్తగారు మాత్రం కోడలిని పక్కకు లాగింది.

"అయితే అమ్మాయ్, అవి పచ్చివి కావా?"

"కావు అత్తయ్యా. వేగాల్సినంతా వేగినవే."

"మరి అలా జబ్బుపడి లేచినట్టున్నాయేం?" అని ఆవిడ కళ్లు తుడుచుకుంది. కోడలు ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసి, తనూ ఒక గ్లాసు అందుకుని, మాడు కాఫీని చివరి చుక్కదాకా తాగింది.

మళ్లీ గింజలు వచ్చాయి, బాగున్నాయి, కౌంటరు కుదిరింది. ప్రారంభం రోజున కోడలు అత్తగారిని అందరికంటే ముందు కూర్చోబెట్టి, తన చేత్తో మొదటి కప్పు ఏది కలపమంటారని ఎంతో ప్రేమగా అడిగింది.

ఆవిడ ఏమాత్రం మొహమాటపడకుండా టీ అన్నది.